దొరగారు చూడని పువ్వు

లాజరు మా కాలేజీ బోటనీ డిపార్ట్‌మెంటులో అటెండరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే గదిలో పనిచేశాడు. ఆ గదిని హెర్బేరియం అంటారు. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అతికించి, పేరూ ఊరూ రాసి బీరువాల్లో దాచే చోటు. రాజమండ్రిలో నేను లెక్చరర్‌గా చేరిన రోజు, చెప్పులతో ఆ గదిలోకి వెళ్ళబోతుంటే అడ్డు నిలబడ్డాడు.

"చెప్పులు బయట వదిలెయ్యండి మేడం గారూ. దొరగారు ఒప్పుకోరండి" అన్నాడు.

లోపల నిజంగానే ఎవరో దొర కూర్చున్నాడేమోనని తొంగిచూశాను. నాఫ్తలీన్ వాసన తప్ప ఎవరూ లేరు.

ఆ దొరగారు పోయి అప్పటికే తొంభై ఏళ్ళు. హోలిస్టర్ అని, అమెరికా మిషన్ వాళ్ళతో వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన ఎంతమందికి ప్రార్థన నేర్పాడో తెలియదు గానీ, గోదావరి గట్లన్నీ తిరిగి ఎవరికీ పట్టని పిచ్చి మొక్కల్ని ఏరుకుని, వాటికి పేర్లు పెట్టుకుంటూ బతుకు గడిపాడు. ఆయన అతికించిన అట్టలు మూడు వందల పన్నెండు మా బీరువాలో ఉన్నాయి. వానాకాలం వచ్చిందంటే లాజరు వాటికి బాలింత చాకిరీ చేసేవాడు. రోజూ చెమ్మ కాగితాలు తీసి పొడివి పెట్టడం, పురుగు పడిందేమోనని వెతకడం. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, నేను తడుముకునే లాటిన్ పేర్లు గడగడా చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది. పీహెచ్‌డీ నాది, పేర్లు ఆయన నోట్లో.

ప్రతి అట్ట కిందా ఒక చీటీ ఉంటుంది. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, పువ్వు రంగు. అన్నింటిలోకీ నూట ఎనభై ఏడో అట్ట ఒక్కటే వేరు. మొక్క పేరు చివర ఎల్లెన్ అని ఉంటుంది. నరసాపురం రేవు దాటాక, ఉప్పు నేల, 1878 జనవరి, ఉదయం అని రాసి, పువ్వు రంగు దగ్గర దొర ఏమీ రాయలేదు. మొక్కకు మొగ్గలున్నాయి గానీ ఒక్కటీ విచ్చుకోలేదు. ఆ మొక్కను తర్వాత ఎవరూ చూసిన దాఖలా కూడా లేదు.

"ఎండిపోయిన మొగ్గ గురించి ఎందుకయ్యా అంత ఇది?" అని, లాజరు ఆ అట్ట ముందే గంటలు గడపడం చూసి ఒకసారి విసుక్కున్నాను.

"ఎల్లెన్ అంటే దొరగారి చంటి కూతురండి. జొరం తగిలి ఇక్కడే పోయిందంట. ఆ పాప పేరే ఈ మొక్కకి పెట్టుకున్నారండి. కన్నబిడ్డ పేరు పెట్టుకుని కూడా పువ్వు చూడలేకపోయారు. నేనైనా చూడాలండి" అన్నాడు.

ఆ తర్వాత ఎప్పుడూ విసుక్కోలేదు.

లాజరు సెలవు దొరికితే చాలు, నిడదవోలులో రైలు మారి నరసాపురం వెళ్ళేవాడు. రేవు దాటి ఉప్పు నేలలన్నీ గాలించేవాడు. ఏటికేడాది అక్కడ రొయ్యల చెరువులు పెరుగుతున్నాయి, ఉప్పు నేల తరుగుతోంది. ఇంట్లో మాత్రం "కాలేజీ పని" అని చెప్పేవాడు. ఆఫీసు సంగతులు భార్య దగ్గర ఎత్తే అలవాటు లేదు. 1999 ఫిబ్రవరి ఆఖరికి రిటైర్‌మెంటు. గది తాళం ఇచ్చేసే లోపు ఆ పువ్వు రంగు తేలాలి. మనిషికి వేరే కోరికే లేదు.

ఫిబ్రవరి మొదటి శనివారం సాయంత్రం సైకిలు మీద రొప్పుతూ మా ఇంటికి వచ్చాడు.

"దొరికిందండి! చెరువు గట్టు మీద కాస్త మిగిలుందండి. రేపో మాపో మట్టి పోసేస్తారంటే వేళ్ళతో సహా అంతా తీసుకొచ్చేశాను. నిండా మొగ్గలేనండి. తడి తువ్వాల్లో చుట్టి వంటింటి గుమ్మం దగ్గర పెట్టొచ్చాను. రేపటికి విచ్చుకోవాలి. మీరు రండి!"

కాళ్ళకు చెప్పులు ఎక్కాయో లేదో చూసుకోకుండా బయలుదేరాను. వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన భార్య సంపూర్ణమ్మ ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. తువ్వాలు ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. ఇంట్లోంచి పప్పు తాలింపు వాసన.

"తువ్వాల్లో మొక్కేదీ?" అన్నాడు లాజరు.

"మొక్కేంటండీ, కూర కదా! కడిగి పప్పులో వేసేశాను. వేళ్ళూ మొగ్గలూ పొయ్యిలోకి పోయాయి. మొగ్గ చేదండి, వెయ్యకూడదు."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఇంతలో లాజరు మొహం చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన అరవలేదు, తిట్టలేదు. గోడకు చేరగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. సంపూర్ణమ్మకు ఏమీ అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళ వెతుకులాటంతా నేను రెండు మాటల్లో చెప్పాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"నాకేం తెలుసండి! అది నరసాపురం రేవు అవతల, మా ఊళ్ళో సముద్రం వారనుండే కూర. సందెకూర అంటాం. మా అమ్మ వండేది. పెళ్ళై వచ్చాక మళ్ళీ కంటబడలేదు. ఇన్నేళ్ళకి మా ఊరి కూర నాకోసం తెచ్చారనుకున్నానండి" అంది.

లాజరు తలెత్తాడు. ఆయన చూపులో కోపం లేదు. తప్పు చేసినవాడి చూపు అది.

"నీకు తెలుసా ఈ మొక్క?"

"తెలీకపోవడమేంటండీ! పొద్దున్నంతా ముడుచుకునే ఉంటాది. సాయంత్రం నాలుగింటికి విచ్చుకుంటాది. దీపాలు పెట్టే వేళకి మళ్ళీ ముడుచుకుపోద్ది. పువ్వేమో..."

"చెప్పకు!" అని గభాలున లేచాడు. "చెప్పకే. చూపించు."

దొర ఎండకు భయపడి ఎప్పుడూ పొద్దున్నే మొక్కలు ఏరేవాడు. మొగ్గలు తప్ప ఇంకేం కనిపిస్తాయి? ఆయన సంగతి సరే, మా తెలివి ఎక్కడ ఏడ్చింది? లాజరు నాలాంటి లెక్చరర్లందర్నీ అడిగాడు. పెద్ద ఊళ్ళ ప్రొఫెసర్లకు నాచేత ఉత్తరాలు రాయించాడు. కట్టుకున్న భార్యను అడగలేదు. పీహెచ్‌డీ చేసిన నాకు కూడా, కూర కోసుకునే ఏ ఆడమనిషినైనా అడగాలని తోచలేదు.

ఆ రాత్రి అక్కడే భోంచేశాను. ఆకులోనే ఉప్పు ఉంటుందని ఆమె పప్పులో ఉప్పు వెయ్యలేదు. కమ్మగా ఉంది. లాజరు ముద్ద నోట్లో పెట్టుకోవడానికి చాలాసేపు జంకాడు. భార్య తన వంకే చూస్తోందని గమనించాక తిన్నాడు. మారు వడ్డించమన్నాడు కూడా.

మరుసటి శనివారం ముగ్గురం వెళ్ళాం. నరసాపురం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కేటప్పుడు సంపూర్ణమ్మ ముందు, మేం వెనక. పుట్టింటి ఊరు దాటి, చెరువులు దాటి, పాడుబడిన ఉప్పు మడుల వెనక్కి తీసుకెళ్ళింది. నేల మీద చాప పరిచినట్టు సందెకూర. అంతా మొగ్గలే. మూడున్నర అయింది. లాజరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను గడియారం చూసుకుంటుంటే, "అది మీ గడియారం చూసి విచ్చుకోదండీ" అని సంపూర్ణమ్మ నవ్వింది.

నాలుగు దాటాక ఒకటి విచ్చుకుంది. ఆ పక్కన ఇంకొకటి. చూస్తుండగానే నేలంతా కనకాంబరం రంగు.

లాజరు వేలితో ఒక పువ్వును ముట్టుకున్నాడు. "ఎల్లెన్ పాపా" అన్నాడు మెల్లగా. భుజం మీది కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

రిటైరైన రోజు నూట ఎనభై ఏడో అట్ట బల్ల మీద పెట్టాను. పాత చీటీ మీద ఎవరూ గీత కూడా గియ్యకూడదు. పక్కన కొత్త చీటీ అంటించవచ్చు. రంగు ఇంగ్లీషులో రాయమన్నాను. "కనకాంబరానికి ఇంగ్లీషెందుకండీ" అని, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో తనే రాశాడు.

పువ్వు రంగు: కనకాంబరం. చూపించినది: సంపూర్ణమ్మ.

"నీ పేరేదయ్యా?" అన్నాను.

"నేను చేసిందేముందండి? వేళ్ళతో పీక్కొచ్చానంతే" అని, గది తాళం నా చేతిలో పెట్టాడు.