కూర్మయ్య కాలు పెట్టని పలక

మలయాలోని బాగన్ దాతో అనే ఊరి కొబ్బరితోటలో కూర్మయ్యంత గొప్పవాడు ఇంకొకడు లేడు, ఉత్తరాల్లో. తోటలో మాత్రం కాయలు ఒలిచే కూలీ. భీమిలిలో ఉన్న బావమరిదికి ఉత్తరం రాయించినప్పుడల్లా ఒక మెట్టు పైకెక్కేవాడు. ఒక ఏడు మేస్త్రీ, మరుసటేడు దొరకు కుడిచెయ్యి, ఆ పైన సొంత బంగళా. రాసిపెట్టే పక్కింటి దానియేలు ప్రభువును క్షమాపణ అడిగి మరీ కలం పట్టేవాడు.

అలాంటివాడి నెత్తిన 1931లో కొబ్బరి ధర పడింది. పనిలేనివాళ్లను ఓడెక్కించి దేశానికి పంపేస్తామన్నారు. కూర్మయ్యకు ఆకలంటే భయం లేదు, బావమరిది ఎదట నిలబడాలంటేనే భయం. సరిగ్గా అప్పుడే, సముద్రపు బురదలో తినే గుల్లలు ఏరడానికి మనుషులు కావాలని రేవులో పాక్ సమన్ అనే మలయు పెద్దాయన కబురుపెట్టాడు.

అక్కడ సముద్రం వెనక్కి పోతే రెండు మైళ్ల బురద. అడుగేస్తే తొడదాకా దిగుతుంది. పొడుగాటి చెక్కపలక మీద ఒక కాలి మోకాలూ పాదమూ ఆనించి, రెండో కాలితో బురదను తన్నుకుంటూ జారిపోవాలి. మూడో రోజుకల్లా దూరాన పాతిన గుంజను ముట్టుకుని రానివాడికి పని లేదన్నాడు పాక్ సమన్. నేర్చుకోవడానికి ఇద్దరు చీనావాళ్లు, ఒక జావావాడు, ఒక తమిళుడు, ఒక పంజాబీ, మన కూర్మయ్య చేరారు. ఒకరి మాట ఒకరికి తెలియదు గానీ, పడ్డవాడి తిట్లు అందరికీ తెలిసేవి. చూడవచ్చిన చిన్నదొర తమ దేశంలో మంచు మీద ఇలాగే జారతారని చెప్పాడు. మంచులో గుల్లలేముంటాయని ఎవరూ నమ్మలేదు.

మొదటిరోజు పాఠమయ్యాక కూర్మయ్య పలకను ఇంటికి తెచ్చాడు. ఆ రోజు కొత్త అమావాస్య, నూకాలమ్మ పండగ. అమ్మవారి ఘటం నిలపడానికి కొత్త చెక్క కోసం వెతుకుతున్న భార్య నూకమ్మకు ఆ పలక కంటపడింది. శుభ్రంగా కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, దానిమీద ఘటాన్ని నిలిపింది. కూర్మయ్య కొంప మునిగింది. అమ్మవారు కూర్చున్న పీట మీద కాలెలా పెడతాడు?

రెండోరోజు పలకను ముందు తోసుకుంటూ వెనకాల నడిచాడు. నడుందాకా దిగబడ్డాడు. నాలుగు భాషలవాళ్లు కలిసి లాగితే కూర్మయ్య వచ్చాడు, గోచీ రాలేదు.

"నీ పలకకి ఏం జబ్బు?" అన్నాడు పాక్ సమన్, కూర్మయ్యకు ఇన్నేళ్లలో కాస్త అబ్బిన మలయు భాషలో.

"అది అమ్మోరి పీట తాతా. కాలెట్టకూడదు."

దేవుడంటే భయమున్న ముసలాయన నవ్వలేదు. "నా దగ్గర ఇంకో పలక లేదు. రేపు గుంజ ముట్టుకోకపోతే ఓడెక్కు," అన్నాడు.

కూర్మయ్య ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఒలే నూకీ, నీ బక్తి నన్ను ఓడెక్కించేత్తంది."

నూకమ్మ కాస్త ఆలోచించింది. "కాలెట్టకు మావా. అమ్మోరికి మోకాలేసి దణ్ణవెట్టమా ఏటి? మోకాలే ఎట్టు."

"మరి పాదమో?"

"పైకెత్తు."

మూడోరోజు కూర్మయ్య పలక మీద మోకాలు వేసి, ఆ కాలి పాదాన్ని గాలిలోకి ఎత్తి, తన్నుకొక "తల్లీ" చొప్పున బయలుదేరాడు. తూలాడు, ఊగాడు, పాదం మాత్రం దించలేదు. పడితే ఓడే అన్న భయం వెనకనుంచి తోసింది. జావావాడి తరువాత గుంజను ముట్టుకున్నది అతనే. వేగం కిటుకు ఆ పాదంలోనే ఉందనుకుని పంజాబీ కూడా కాలెత్తాడు, తలకిందులుగా బురదలో పడ్డాడు. పాక్ సమన్ కూర్మయ్యను పనిలో పెట్టుకున్నాడు. కూర్మయ్యకు ఏడుపొచ్చింది, బురద తుడుచుకున్నట్టు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం దానియేలు కాగితం పరిచాడు. "ఈపాలి ఏటి రాయమంటావు?"

"నాను రోజూ అమ్మోరి పీట మీద మోకాలేసి సముద్రంలోకి జారి ఎల్తన్నానని రాయి."

ఇన్నేళ్లకు కూర్మయ్య నోట ఒక్క నిజం వస్తే, దానియేలు కలం కింద పెట్టేశాడు.

"ఇది ఎవులూ నమ్మరు కూర్మయ్యా. బంగళాకి ఇంకో మేడ కట్టీసినావని రాసెత్తాను లే," అన్నాడు.