మందడగని చెట్లు

మా పక్కింటి బాబాయి పోయాడు. పది రోజులైంది. ఆ కబురు మా వీధికి ఎలా తెలిసిందో చెప్పాలంటే సిగ్గుగానూ ఉంది, భయంగానూ ఉంది. కానీ అది దాచి ఆయన మంచి మాత్రం రాస్తే ఆయనకే నచ్చదు.

పొద్దున ఎనిమిదింటప్పుడు ఆయన పెరట్లో వేలాడే రేకు మోగింది. మా వీధిలో ఆ రేకు మోగిందంటే ఒకటే అర్థం: గాలి మళ్ళింది, మిరపచేలో కొట్టే మందు ఇళ్ళ మీదికి వస్తోంది, తలుపులేసుకోండి అని. చేతిలో గరిటె చేతిలోనే ఉండగా పరిగెత్తాను. స్కూలుకి జడ వేసుకుంటున్న మా అమ్మాయిని రెక్క పట్టుకుని లోపలికి లాగాను. కిటికీలు మూసి, నీళ్ళ బిందె మీద మూత పెట్టి, తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కాను. అటూ ఇటూ ఇళ్ళల్లో కూడా తలుపులు ధనధనా పడ్డాయి. ఏడిళ్ళ వాళ్ళమూ ఆయన నేర్పింది నేర్పినట్టు చేశాం.

రేకు ఆగలేదు. మోగుతూనే ఉంది. "ఇవాళ మందు గట్టిగానే కొడుతున్నట్టున్నారు" అన్నాను అమ్మాయితో. పావుగంటకి మోత ఆగింది. కిటికీ ఓరగా తీసి వాసన చూశాను. మందు వాసన లేదు. అసలు గాలే లేదు. పెరట్లోకి పరిగెత్తాను.

గోడ మీంచి చూస్తే పిన్ని, అంటే ఆయన భార్య, రేకు కింద కూలబడి ఉంది. కొట్టిన కర్ర ఇంకా చేతిలోనే ఉంది. రేగుచెట్టు పాదు దగ్గర బాబాయి పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. పిన్ని ఆయాసం మనిషి, గొంతు లేవదు. ఎంత పిలిచినా ఎవరికీ వినపడకపోతే రేకు కొట్టింది. సాయానికి రమ్మని ఆవిడ కొడుతుంటే మేం తలుపులు బిగించుకుని కూర్చున్నాం.

అంబులెన్సులో వచ్చినతను "గుండె ఆగిపోయిందమ్మా. పడ్డప్పుడే పోయుంటారు, మీరు ముందొచ్చినా అంతే" అన్నాడు. ఆ మాట రోజుకి పదిసార్లు అనుకుంటున్నాను. నమ్మకం మాత్రం కుదరడం లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆ ఇంట్లో ఉన్నాడు, వరసకి బాబాయి అయ్యాడు. సత్తెనపల్లిలో ఒక పురుగుమందుల కొట్లో గుమస్తాగా చేసీ చేసీ, వయసు మీదపడ్డాక మానేసి ఇంటిపట్టున ఉన్న మనిషి. కొట్టేవాడు నాలుగు చేల అవతల ఉన్నా గాలి వాసన పట్టి ఏ మందో చెప్పేవాడు. అన్నేళ్ళు మందులమ్మిన మనిషి తన పెరట్లో చుక్క పడనిచ్చేవాడు కాదు. "ఊరందరికీ పోసి, ఈయన మాత్రం మడి కట్టుకున్నాడు" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నేనూ నవ్వేదాన్ని. చేతులు కాలేదాకా ఆకులు ఎవరు పట్టుకుంటారు?

మా చేతులు కాలింది ఏడేళ్ళ కిందట. అప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్ళు. పెరట్లో ఒక అంటు జామ ఉండేది. కాయ పెద్దది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఏటా దానికి తెల్లపిండిలాంటి పురుగు పట్టేది. ఒకరోజు మా ఆయన మిరపకి మందు కొట్టి, ట్యాంకులో అడుగున కాస్త మిగిలితే ఇంటికి తెచ్చాడు. మా వైపు రైతుల ఇళ్ళల్లో ఇది మామూలే. మిగిలిన కూర పనిమనిషికి పెట్టినట్టు మిగిలిన మందు పెరటి చెట్టుకి పోస్తాం. "పారబొయ్యటం ఎందుకు, ఆ జామకి కొట్టరాదూ" అన్నాను. అన్నది నేనే. ఆయన కొట్టాడు. పిల్లని అటు పోనివ్వకూడదని ఇద్దరమూ అనుకున్నాం. తెల్లారేసరికి ఇద్దరమూ మరిచిపోయాం.

మర్నాడు పొద్దున పెరట్లో జామకాయ తినొచ్చిన పిల్ల కాసేపటికే వాంతి చేసుకుంది. నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతోంది. పైత్యమేమో అనుకుని నీళ్ళు చల్లుతున్నాను. గోడ అవతల నుంచి చూసిన బాబాయి, ఆ వయసులో, గోడ దూకి వచ్చాడు. పిల్ల కనురెప్ప పైకెత్తి చూశాడు. కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉంది.

"ఏం కొట్టారు?"

"ఏం లేదు బాబాయ్, పొద్దున్నుంచీ పిల్లకి..."

"ఏం కొట్టారంటన్నా! డబ్బా ఏదీ? డబ్బా తే ముందు!"

ఆయన అరవగా వినడం అదే మొదలు. డబ్బా ఉన్న మూల వైపు చెయ్యి చూపించాను. ఆయనే పిల్ల గౌను విప్పేసి, మొహమూ చేతులూ సబ్బుతో కడిగి, డబ్బా నా చేతిలో పెట్టి, మమ్మల్ని బండి ఎక్కించుకున్నాడు. సత్తెనపల్లి దాకా దారి పొడుగునా ఒకటే అడిగాడు: "ఊపిరాడుతోందా? చెప్తా ఉండు, ఆపమాక." ఆడుతోంది బాబాయ్, ఆడుతోంది బాబాయ్ అంటూనే ఉన్నాను. ఒకచోట పిల్ల ఊపిరి నాకు తెలియలేదు. అయినా ఆడుతోందనే చెప్పాను.

మూడు రోజులకి పిల్ల కళ్ళు మామూలుగా తెరిచింది. ఆస్పత్రి వరండాలో నేను గోడకి తల కొట్టుకుంటూ "కొట్టమంది నేనే బాబాయ్" అంటే, ఆయన నా పక్కన కింద కూర్చున్నాడు. "తెలుసులే. మా ఇంట్లో కొట్టమంది నేనే. మునగచెట్టు నిండా గొంగళిపురుగు. మందుల కొట్టోణ్ణి గదా, నాకన్నీ తెలుసనుకుని మిగిలింది తెచ్చి పోయించా. ఆ ఆకు మేసి మేకపిల్ల పోయింది. మాది మేకపిల్లతో పోయింది తల్లీ. నీది పిల్ల దాకా వచ్చి ఆగింది" అన్నాడు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఒక్కమాట తిట్టలేదు.

ఇంటికొచ్చాక జామ కొట్టేయించాం. పెరడంతా సిమెంటు చేయించేస్తానని పంతం పట్టాను. మట్టి కనిపిస్తేనే వణుకు వచ్చేది. బాబాయి ఒప్పుకోలేదు. "సిమెంటు పోస్తే పిల్ల పండు తినటం మానుద్దా? బజారు పండు తింటది. దానికేం కొట్టారో నువ్వు చూశావా? భయం మంచిదే అమ్మాయ్. ఊరికే భయపడి కూర్చోమాక, దానికో పని చెప్పు. మందడగని చెట్టు పెట్టు."

ఏ చెట్టు పెట్టాలో నర్సరీకి వెళ్ళి అడుగుతామన్నాం. ఆయన నవ్వాడు. "చెట్టుకి పెళ్ళిచూపులు రోహిణి కార్తెలో పెట్టాల. శ్రావణంలో చూస్తే అన్నీ అందగత్తెలే." అన్నంత పనీ చేశాడు. రోళ్ళు పగిలే ఆ ఎండల్లో, మధ్యాహ్నం రెండింటికి, గొడుగూ మజ్జిగ సీసా ఇచ్చి నన్ను డొంకదారిన పట్టుకుపోయాడు. నల్లరేగడి కాళ్ళు పట్టేంత నెర్రెలు విచ్చి ఉంది. కాలవ ఎండిపోయింది. "ఇప్పుడు చూడు. ఎవరూ నీళ్ళు పొయ్యకుండా ఎవరు బతికున్నారో వాళ్ళే మన చుట్టాలు" అన్నాడు.

సీమచింత పచ్చగా ఉంది. కాలవ గట్టున నేరేడు పచ్చగా ఉంది. ఉసిరి ఉంది. గుట్ట కింద సీతాఫలం ఒక్క ఆకు లేకుండా ఉంది. "ఇది చచ్చిపోయింది బాబాయ్" అన్నాను. గోటితో బెరడు గీకి చూపించాడు. లోపల పచ్చ. "చావలా. నీళ్ళు లేనప్పుడు నోరు మూసుకుని కూర్చోటం తెలుసు దానికి. మేక ముట్టదు, తొలకరి పడిందా చిగురేసుద్ది." దానిమ్మ పెట్టుకుంటానంటే మాత్రం చేతులు జోడించాడు. "అది నిత్యరోగి తల్లీ. దాన్ని మనం సాకలేం."

తొలకరికి నాటించాడు. రేగడిలో వాన నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయని ప్రతి మొక్కకీ మోకాలెత్తు దిబ్బ పోయించాడు. పక్కన చిల్లుకుండ ఒకటి పాతి, వారానికోసారి దాన్ని నింపితే చాలన్నాడు, మొదటి రెండు వేసవులూ. మీకూ చిన్న పెరడుండి, అవతల చేలుంటే ఈ ఒక్కమాట వినండి: పొలం వైపు తినే చెట్టు పెట్టకండి. మా చేత అటు వరసగా గానుగ చెట్లు పెట్టించాడు. "వచ్చే మందు అయ్యి మింగుతయ్" అన్నాడు. పండ్ల చెట్లన్నీ ఇంటి చాటున, పడమటి వైపు. తన పెరట్లో మూలగుంజకి పాత రేకు వేలాడదీసిందీ ఆ తొలకరికే.

చెట్లు కాపుకొచ్చినా ఆయన భయం తగ్గలేదు. ఏ చెట్టు తొలికాయైనా ముందు ఆయనే తినేవాడు. మా చెట్టుదైనా సరే. కడిగి, వాసన చూసి, పొద్దున్నే తిని, "సాయంత్రం దాకా నేను బాగుంటే బుజ్జిది తింటది" అనేవాడు. మా అమ్మాయి ఆ పగలంతా గోడ దగ్గర కాపలా. "తాతా, బాగున్నావా?" అని గంటకోసారి కేక. "ఉన్నానే, ఇంకా పోలేదు" అని ఆయన. పొద్దు వాలాక కనురెప్ప తనే లాగి చూపించేవాడు. పిల్ల చూసి, సరేనని, అప్పుడు తినేది. మా వీధిలో వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను ఎప్పుడూ నవ్వలేదు. అన్నేళ్ళూ నా బిడ్డ నోట్లోకి పోయే ప్రతి తొలిపండుకీ ముందు తన ప్రాణం అడ్డం పెట్టిన మనిషి ఆయన. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఆయనతో అనలేకపోయాను.

ఈ ఏడు పొలాల్లోకి డ్రోన్లు వచ్చాయి. ఆయనలో అంత బెంగ ముందెప్పుడూ చూడలేదు. "ఇదివరకు కొట్టేవాడు కనపడేవాడు. గట్టు మీద నిలబడి ఒరేయ్ ఆపరా అంటే ఆపేవాడు. ఇప్పుడు పైన తిరిగేదాన్ని ఏమని పిలిచేది?" అనేవాడు. గానుగల ఎత్తు కొలిచి చూసుకునేవాడు. ఇంకో రెండేళ్ళు పెరిగితే చాలని లెక్కవేసేవాడు.

ఆయన పోయాక వీధిలో వాళ్ళం కూర్చున్నాం. రేకు తీసేద్దామన్నారు కొందరు. మోగినప్పుడు గాలి కోసమో మనిషి కోసమో ఎలా తెలుస్తుందన్నారు. పిన్ని మాత్రం వద్దంది. "మీరు తలుపులేసుకున్నారు గదా. ఆయన చెప్పిన మాట విన్నారు. ఉండనీండి" అంది. నిష్ఠూరమాడలేదు. ఆమె నిష్ఠూరమాడి ఉంటే ఈ పది రోజుల్లో ఒక్కపూటైనా అన్నం సయించేదేమో.

నిన్న మధ్యాహ్నం డ్రోన్ చప్పుడైంది. తూర్పు నుంచి గాలి లేచింది, వెంటనే ఘాటు తగిలింది. వాళ్ళ పెరట్లోకి పరిగెత్తాను. కర్ర తీసుకున్నాను. చెయ్యి లేవలేదు. ఆ మోత మళ్ళీ విని పిన్ని ఏమైపోతుందో అన్న భయం ఒకవైపు, మందు వచ్చేస్తోందన్న భయం ఒకవైపు. నా వెనకే వచ్చిన మా అమ్మాయి "అమ్మా, కొట్టు!" అంది. నేను కదలకపోతే కర్ర లాక్కుని తనే కొట్టింది. ఎగిరెగిరి కొట్టింది.

తలుపులు పడుతున్నాయి. ఒకటి, రెండు, ఆరు. పిన్ని తలుపు మాత్రం తెరుచుకుంది. ఆవిడ బయటికొచ్చి, మెట్టు మీద నిలబడి, రేకు వైపు చూస్తోంది. అక్కడ ఆయనే ఉన్నట్టు చూస్తోంది. ఆ గాలిలో, ఆ ఆయాసంతో, కొంగైనా ముక్కుకి అడ్డం పెట్టుకోకుండా. "పిన్నీ!" అని అరిచి, ఒక చేత్తో ఆవిడనీ ఇంకో చేత్తో పిల్లనీ లాక్కుంటూ మా ఇంట్లో పడ్డాను. తలుపేశాను. తడిగుడ్డ కుక్కాను.

కాసేపటికి పిన్ని ఊపిరి కుదుటపడింది. కొంగు ముడి విప్పి పళ్ళెంలో పోసింది. రేగుపళ్ళు. ఆయన పడిపోయిన చోట చెట్టువి, ఈ ఏటి తొలికాపు. మా అమ్మాయి చెయ్యి చాపింది. పిన్ని ఆ చెయ్యి మెల్లగా పట్టుకుంది.

"పొద్దున రెండు తిన్నానే. సాయంత్రం దాకా ఆగు."

ముగ్గురం పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. బయట చప్పుడు పోయింది, అయినా ఎవరం తలుపు తీయలేదు. కిటికీ అద్దంలోంచి ఎండ మెల్లమెల్లగా గోడ మీదికి పాకుతోంది. మా అమ్మాయి మోకాళ్ళ మీద జరిగి, పిన్ని మొహం దగ్గరికొచ్చి, ఆవిడ కనురెప్ప వేలితో పైకెత్తి చూసింది.

"బాగున్నావా మామ్మా?" అంది.