గిరగిరా తిరిగితే డాన్స్ కాదు

నాకు రాయడం కొత్త. ఐదో తరగతి వరకే చదివాను. అందుకే ఒక్క విషయమే రాస్తాను, మా పాప బడిలో ఎలా కూర్చుందో.

మేము రహమత్ నగర్‌లో ఒక గదిలో కిరాయికి ఉంటాం. మా ఆయన షూటింగుల్లో లైట్‌మన్. మా గల్లీ నిండా సినిమావాళ్లే, అంటే సినిమాలో కనబడనివాళ్లు. ఇక్కడ పిల్లలకి ఏ తేడా వచ్చినా ముందు టాలెంట్ అంటారు. డాక్టర్ మాట తర్వాత.

మా పాప ఐదేళ్లప్పుడు మునివేళ్ల మీద నడిచేది. గిరగిరా తిరిగేది. ఎన్ని చుట్లు తిరిగినా తూలేది కాదు. కుక్కర్ కూస్తే మాత్రం చెవులు మూసుకుని మంచం కింద దూరేది. పక్కింటి అక్క చూసి తేల్చేసింది.

"నీ బిడ్డకు పుట్టుకతోనే డాన్స్ వచ్చింది చెల్లె."

"మరి కుక్కర్‌కు ఎందుకు భయపడ్తది?"

"హీరోయిన్లు నాజూకుంటరు గద."

బడిలో టీచరమ్మకి మాత్రం ఈ కళ కనబడలేదు. పాప కూర్చోదు, పెన్సిల్ పట్టదు, వేసవి సెలవుల తర్వాత కూడా ఇలాగే ఉంటే ఒకటో తరగతిలోకి తీసుకోను అంది. నేను ఐదుతో ఆగాను. ఇది ఒకటి కూడా ఎక్కదా?

మా ఆయనకి ఆ బాధ లేదు. "సదువు రాకుంటే ఏమైతది? కోఆర్డినేటర్ అన్నకు చెప్పిన. మనది డాన్స్ చేస్తది" అన్నాడు. కోఆర్డినేటర్ అంటే షూటింగులకి పిల్లల్ని పంపే మనిషి.

ఫిల్మ్ నగర్‌లో ఒక బంగళాలో పుట్టినరోజు సీనుకి పిలిచారు. అక్కడ లైట్లు మా ఆయనే చూస్తున్నాడు. మా పాప మిగతా పిల్లలతో నిలబడి చప్పట్లు కొట్టాలి, అంతే. గుచ్చుకునే జరీ గౌను తొడిగారు. బెలూన్ ఒకటి పేలింది. పాప గౌను పీకేసి, కేక్ పెట్టిన బల్ల కిందకి దూరి, లాగబోయినాయన చేయి కొరికింది.

"ఈ పాప ఎవరిదయ్యా?" అని డైరెక్టర్ గారు అడిగారు. మా ఆయన అప్పుడే పైన లైటుకి ఏదో అయినట్టు చాలా శ్రద్ధగా చూశాడు.

పాపని ఎత్తుకుని బయటికొస్తుంటే మేకప్ చేసే ఆవిడ నా వెనకే వచ్చి, జూబ్లీహిల్స్‌లో ఇలాంటి పిల్లలకి నేర్పించే చోటు చెప్పింది. శనివారం మాలాంటివాళ్లని డబ్బు తీసుకోకుండా చూస్తారట. కూర్చోవడం, పట్టుకోవడం లాంటివి ఆటలతో అలవాటు చేసే ఆ వైద్యాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. ఆ మాటకి నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. అక్కడి మేడం నేల మీద కూర్చుని పాపతో గంటసేపు ఆడింది. తర్వాత నన్ను పిలిచింది.

"అది డాన్స్ కాదమ్మా. మనకి రెండు చుట్లకే కళ్లు తిరుగుతాయి. తనకి ఎంత తిరిగినా తిరిగినట్టు తెలియదు, అందుకే ఆపదు. శబ్దాలేమో మనకంటే గట్టిగా తగులుతాయి. ముందు ఒళ్లు కుదురుకోవాలండి. తర్వాతే పెన్సిల్ పట్టే వేళ్లు."

బరువైనవి నెడితే ఒళ్లు కుదురుకుంటుందని చెప్పి, ఇంట్లో చేయించమని పనులు చెప్పింది. గోడని రెండు చేతులతో నెట్టాలి. నీళ్ల బిందె జరపాలి. పిండి పిసకాలి. బట్టల క్లిప్పులు తాడుకి పెట్టి తీయాలి.

"గోడ నెట్టనీకి డాక్టర్ కావాల్నా? నేను రోజు జనరేటర్ నెడ్త, నాకేం తెలివొచ్చింది?" అన్నాడు మా ఆయన.

"నీకు ఆలస్యమైందిలే" అన్నాను.

మర్నాడు ఆయన జేబులోంచి గుప్పెడు చెక్క క్లిప్పులు తీసి పాప ముందు పోశాడు. లైట్లకి రంగు కాగితాలు తగిలించే క్లిప్పులు. నా వైపు చూడలేదు. ఆయన పరువు ఆయనకి ఉంటుంది కదా.

వేసవంతా మా పాప గోడ నెట్టింది. కింద ఉండే ఓనరమ్మ పైకొచ్చి, "ఏందమ్మా, ఇల్లు కూలగొడ్తరా?" అంది. "లేదత్తమ్మా, జర నిటారుగ చేస్తున్నం" అన్నాను.

బడి తెరిచారు. టీచరమ్మ పలక ఇచ్చి అక్షరాలు రాయమంది. పాప వేళ్లతో బలపం పట్టుకుని నాలుగు రాసింది. లేచింది. గుమ్మంలో నిలబడ్డ నేను ఇక అయిపోయింది అనుకున్నాను. గోడ దగ్గరికి పోయి, పది లెక్కపెడుతూ నెట్టి, వచ్చి కూర్చుని మిగతావి రాసింది.

టీచరమ్మ చాలాసేపు గోడని చూసింది, పలకని కాదు.

"గోడ పక్క బెంచీ ఇస్తా. అవసరమైతే లేవనీ" అంది.

అలా మా పాప ఒకటో తరగతి ఎక్కింది. ఇప్పుడు కూర్చుంటోంది కదా, ఇక లెక్కలు రావట్లేదని చీటీ రాసి కొత్త ఫిర్యాదు పంపారు. అందరి పిల్లల మీద వచ్చే ఫిర్యాదే. ఆ చీటీ నేను నాలుగుసార్లు చదువుకున్నాను.