పిండిన గోగునార

ఈ మాటను ఇన్నేండ్లుగా మింగలేక కక్కలేక బతికినాను. నువ్వు నన్ను ఎరగవు, అందుకే నీకు చెప్తా ఉండాను.

మాది వడమాలపేట పక్కన పల్లె. గోగు కట్టెల్ని నీళ్లలో నానబెట్టి నార తీయడం ఆడవాళ్ల పని. ఎనభైల్లో తిరుపతి నుంచి ఒకాయన వచ్చి, ఆ నార పరిచి, జిగురు పోసి, యంత్రంలో అదిమి ఇంటికప్పు రేకులు చేసే షెడ్డు పెట్టినాడు. ఆయనకు నా తోడికోడలి నారే కావాల. పట్టు మాదిరి ఉంటాదంట. మా మామ కూడా నలుగురిలో "చిన్నకోడలిది మంచి చెయ్యి" అని మురిసిపోయేవాడు. పెద్దకోడలిని, పక్కనే ఉన్నాను గదా, నాకు చెయ్యి లేదా? కడుపు మండిపోయేది. అన్నం ముందర కూర్చున్నా అదే, పండుకున్నా అదే.

ఒక మధ్యాహ్నం ఆమె కడిగిన నారను దండెం మీద వేలాడేసి, బిడ్డకు పాలియ్యను లోపలికి పోయింది. తడి నారను పిండగూడదు. పిండితే పోగు లోపల్లోపలే నలిగి విరుగుతాది, ఆరినాక పైకి ఏమీ కనపడదు. మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. తెలిసే చేసినాను. చీర పిండినట్టు ఒక్కో కట్టా మెలిపెట్టి పిండి, సాపు చేసి, మళ్లీ ఎట్లుండేది అట్లే వేలాడేసినాను.

ఆ నారతో చేసిన రేకులు బరువుకు ఆగలా. నార నలిగిన కాడల్లా పగిలినాయి. ఆమె నార ఇంక వద్దన్నాడు షెడ్డాయన.

ఏడుస్తా నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, నేను యాడ తప్పు చేసినాను?"

"ఎక్కువ దినాలు నానబెట్టింటావులే," అన్నాను.

ఆ అబద్ధం అంత తొందరగా ఎట్లా వచ్చింది? ముందే అనుకుని పెట్టుకున్నానా? ఇప్పటికీ తెలీదు. ఆమె నమ్మింది. మరుసటి తూరి కట్టెలు సరిగ్గా నానకముందే తీసేసింది. బెరడు వదల్లేదు, గీకితే నార ముక్కలయింది. తన చేతి మీద తనకే నమ్మకం పోయి ఆ పనే మానేసి, ఇటుకల బట్టీకి పోయింది. షెడ్డాయన నా నార తీసుకున్నాడు. సంతోషపడినానా? పడినాను. అది దాచిపెడితే చెప్పి ఏం లాభం?

మొన్న ఆమె తన కోడలితో అంటా ఉండింది, "నేనే ఎక్కువ నానబెట్టి పాడు చేసుకున్నాను, ఆ తప్పు మా అక్కే కనిపెట్టింది" అని. నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వినాను.

ఆమెకు చెప్పే ధైర్యం ఈ పొద్దుకీ లేదు. నన్ను మన్నించమని నిన్ను అడగడంలా, ఆ హక్కు నీది కాదు. ఆ నార పిండింది నేను. ఒక్క మనిషి చెవిలోనైనా పడింది, అంతే చాలు నాకు.