సభకు పిలవని అత్త సంతకం

మా పాలెం బోగోలు వైపు సముద్రం ఒడ్డున ఉంది. పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా పోటీ చేయాలనుకున్నప్పుడు ఆ మాట ముందుగా పెద్దకాపుకే చెప్పాను. మా పాలెంలో తగవులు తీర్చేదీ, ఎవరు పోటీ చేయాలో తేల్చేదీ ఆయనా, ఆయనతో కూర్చునే పెద్దలే.

నేను గే అన్న సంగతి ఎవరికీ కొత్త కాదు. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తిన రోజే చెప్పేశాను. నేను ప్రేమించిన మనిషి కావలిలో మెకానిక్కు. ఆదివారాలు వచ్చి మా అమ్మ వండిన చేపల పులుసు తిని వెళతాడు. ఊరు దానికి అలవాటు పడింది. అలవాటు పడటం వేరు, ఓటేయడం వేరు.

"నువ్వు మంచోడివే అబ్బయా," అన్నాడు పెద్దకాపు. "నిన్ను నిలబెడితే పక్క పాలేలోళ్ళు నవ్వతారు."

"ఇప్పుడు నవ్వడంలేదా మామా?"

"ఇప్పుడు నిన్ను చూసి నవ్వతా ఉండారు. రేపు మమ్మల్ని చూసి నవ్వతారు."

నేను బడి మధ్యలో మానేసి చేపల వేటకు దిగినవాణ్ణి. అయినా వేట లేని రోజుల్లో కావలి గ్రంథాలయంలో కూర్చుని దొరికిందల్లా చదివాను. పంచాయతీ చట్టం పుస్తకం అట్ట ఊడిపోతే వలదారంతో నేనే కుట్టాను. నామినేషన్ వేయాలంటే ఆ వార్డు ఓటరు ఒకరు ప్రతిపాదించి సంతకం చేయాలని నాకు తెలుసు. పెద్దలకూ తెలుసు. అందుకే గుడి ముందు సభ పెట్టి దురాయి వేశారు, నాకెవరూ సంతకం పెట్టకూడదని. దురాయి దాటినవాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు.

ఇల్లిల్లూ తిరిగాను. నాతో ఒకే పడవలో వెళ్ళేవాడు కూడా "నా పొట్ట కొట్టొద్దన్నా" అని తల దించుకున్నాడు.

చట్టాలు చదివితే ఒక అలవాటు వస్తుంది. ఏ నియమం విన్నా అది ఎవరికి వర్తిస్తుందని వెతుకుతాం. మా సభకు ఇంటికొక మగవాడు వస్తాడు. ఆడవాళ్ళను పిలిచే ఆచారం లేదు; వెళ్ళిన మగవాడి మాటకే ఆ ఇల్లు కట్టుబడుతుంది. నామినేషన్లకు చివరి రోజు పొద్దున, ఒడ్డున చేపలు ఏరుకుంటున్న, మా వార్డులోనే ఓటున్న, నాకు వరసకు అత్తయ్యే ఆమె దగ్గరికి వెళ్ళాను. భర్త పోయాక బుట్ట నెత్తిన పెట్టుకుని కావలిలో అమ్ముకొచ్చే మనిషి; ఆ ఇంటి నుంచి సభకు వెళ్ళే మగవాడు లేడు.

"ఏందిరా, మొకం ఎండుచేప మాదిరి పెట్టినావు?"

చెప్పాను. బుట్ట దించి ఒడ్డున ఉన్న పడవల వైపు చూసింది. పడవలవాళ్ళు చేపలివ్వకపోతే ఆమెకు ఆ పూట గడవదు.

"గెలిస్తే బస్సు ఆగేకాడ మాకు నీడ వేయిస్తావా?"

"వేయిస్తా."

"పద. చెయ్యి కడుక్కోని వస్తా."

సాయంత్రం పెద్దకాపు ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. "దురాయి దాటినావే."

"నన్ను సభకి పిలిచినావా అన్నా?"

పెద్దకాపు వెంట వచ్చిన పెద్దలను తీసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.  పడవలవాళ్ళు ఆమెకు చేపలు ఆపలేదు.

నేను ఓడిపోయాను. ఓట్లు మాత్రం పెద్దలు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ పడ్డాయి. ఎక్కువగా ఎవరు వేసి ఉంటారో వాళ్ళు ఊహించుకున్నట్టున్నారు. తర్వాతి సభకు చాటింపు మనిషి మొదటిసారి ఆడవాళ్ళను కూడా రమ్మని వీధంతా తిరిగాడు. అత్త గడపలో కూర్చుని చేపలు తోముతూనే ఉంది.

"పోవా అత్తా?"

"పోతే కట్టుబడాల," అంది తల ఎత్తకుండా. "మళ్ళా నిలబడతావు గదా నువ్వు."