కలొలైన్ పారేయలేని జంట చుక్కలు

ఈ ఇంట్లో ఇంతమంది పెరిగారు, ఆ గరాజు గదిలో ఎవరుండేవారని ఒక్కరైనా అడిగారా? పాత బూట్లు వెతుక్కోవడానికి మాత్రం పరిగెత్తుతారు. మీ తాతల ముత్తాతల పేర్లు చర్చిలో గడగడా అప్పజెబుతారు, కలొలైన్ అంటే మాత్రం నోళ్లు తెరుస్తారు. సిగ్గుండాలి. ఆ ఫోన్లు అవతల పెట్టి వినండి.

కలొలైన్ విమానాలు దిగేచోటి పక్కనున్న ఈ మాంగెరె పేటలోనే పుట్టింది. వాళ్ల నాన్న టెవిటా టోంగా దీవుల నుంచి వచ్చి మాంసం ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆమెకు ముప్ఫై దాటాక ఆయన పక్షవాతంతో మంచాన పడ్డాడు. తల్లి అప్పటికే పోయింది. టెవిటా అక్క వైసిమా వచ్చి కూర్చుని, "తండ్రి దగ్గర కూతురే ఉండాలి" అంది. మనలో మేనత్త మాటకు పాస్టరు కూడా ఎదురు చెప్పడు. కలొలైన్ యూనివర్సిటీ పని మూటగట్టుకుని గరాజులోకి వచ్చేసింది. గోడ అవతల నుంచి తండ్రి చెంచాతో కొట్టినప్పుడల్లా లేవడం, వచ్చి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చోవడం.

ఆ పని చుక్కల లెక్క. ఒకేసారి పుట్టిన చుక్కల గుంపు వయసు పెరిగేకొద్దీ ఎలాంటి వెలుగిస్తుందో కంప్యూటరులో పెంచి చూడాలి. ఒంటరి చుక్కలైతే తేలిక. ఆమెకు అప్పగించినవి జంటలు.

ఒకరోజు చేమదుంపలు చెక్కుతూ వైసిమా ఎత్తిపొడిచింది. "చుక్కలకు పెళ్లిళ్లు చేస్తున్నావట. నీ సంగతేమిటే?"

"నన్ను చేసుకునేవాడు ఈ గరాజులో పట్టడత్తా."

"సర్లే. ఆ జంటలేం చేస్తాయి, కాపురమా, కొట్లాటా?"

"దగ్గరదగ్గరగా తిరుగుతాయి. వయసు మళ్లాక పెద్దది ఉబ్బుతుంది. దాని పైపొరలు రెండోదాంట్లోకి పోతాయి. అప్పుడు పెద్దదాని లోపలి వేడి బయటపడి నీలంగా మండుతుంది. ఆ పొరలు తిన్న రెండోదేమో మళ్లీ వయసులోకొస్తుంది. ఎప్పుడో వెలుగు తగ్గాల్సిన గుంపు ఇంకా పడుచుగానే కనబడుతుంది."

"మన చర్చిలో లుపే ఈ వయసులో జుట్టుకు రంగేసుకున్నట్టు."

"కాదత్తా, మొగుడి కూడు కూడా తనే తిని నిగనిగలాడుతున్నట్టు."

వైసిమా కత్తి కిందపెట్టి మరీ నవ్వింది.

ఆ నవ్వు చూసే కలొలైన్ అసలు సంగతి బయటపెట్టింది. ఇంగ్లండులో ఉద్యోగం ఉంది. ఈస్టరులోపు ఈ లెక్క పూర్తిచేసి పంపితే తీసుకుంటారని ఆ పని అప్పగించిన యూనివర్సిటీ పెద్దాయన ట్రెగేర్ చెప్పాడు. వైసిమా చాలాసేపు దుంపలు చెక్కింది.

"ఉద్యోగం వస్తే పో. మీ నాన్నను నేను చూసుకుంటాను. రాకపోతే మాత్రం ఆ మాట మళ్లీ ఈ ఇంట్లో ఎత్తకు."

పైపొరలు పోతున్న ఘడియలోనే కొన్ని జంటలు ఇరుక్కుపోయేవి. లెక్క ఆగిపోయేది. చేత్తో తెరిచి, కాలాన్ని ఇంకా చిన్నచిన్న ముక్కలు చేసి, మెల్లగా ముందుకు నెట్టాలి. ఒక్కోదానికి ఒక పూటంతా పట్టేది. మధ్యలో చెంచా చప్పుడు.

"ఆగిపోయినవి వదిలెయ్యమ్మా, అందరూ చేసేదే. ఇన్నింటిలో అవెంత?" అన్నాడు ట్రెగేర్ ఫోనులో.

ఆమె వదిలేసింది. లెక్క వెళ్లింది, ఉద్యోగం వచ్చింది. చర్చివాళ్లు పందిని కాల్చి విందు చేశారు, వైసిమా ప్రయాణానికి పెట్టె కొనిచ్చింది.

వెళ్లబోయే ముందు, అక్కడ చూపించాల్సిన బొమ్మలు గీస్తూ, నిజంగా ఆకాశంలో ఉన్న ఒక గుంపు వెలుగును తన లెక్క చూపిన వెలుగు గీత పక్కన పెట్టి చూసుకుంది. ఆ గుంపు ఇంకా నీలంగా ఉంది. తన గీత ఎప్పుడో పడిపోయింది. వదిలేసినవి ఏవేమిటో తిరగేసి చూసింది. అన్నీ పైపొరలు పోయే జంటలే, గుంపును నీలంగా ఉంచేవి అవే. చేమాకుల్లో చుట్టిన మాంసమంతా ఏరి పారేసి, రుచి ఏమైందని గిన్నె నాకినట్టుంది తన పని.

నోరు మూసుకుంటే విమానం ఎక్కేస్తుంది. ఆ తప్పు ఎవరికైనా దొరికేసరికి ఏళ్లు పడుతుంది. రెండు రోజులు ఆమె తండ్రికి ముద్దలు పెడుతూ అదే ఆలోచించింది. సగం పనిచేసే నోటితో ఆయన "వె...ళ్లు" అన్నాడు. ఆమె మూతి తుడిచి, లేచి ట్రెగేర్‌కు ఫోను చేసింది.

"నేను పంపింది తప్పండీ. వెనక్కి తీసేసుకోండి."

"దిద్దడానికి ఎన్నాళ్లు?"

"ఒక్కదాన్నే కదా. ఏడాది పైమాటే."

"వాళ్లు అన్నాళ్లు ఆగరు, కలొలైన్."

"తెలుసండీ."

ఉద్యోగం వేరెవరికో పోయింది. వైసిమా వచ్చి, తిట్టకుండా, ఆ పెట్టెను తనే బీరువా మీదికి ఎక్కించింది. "ఇక ఆ మాట లేదు కదా?" అంది.

"లేదత్తా."

ఇరుక్కున్న ఒక్కో జంటనూ ఆమె చేత్తో నెట్టుకుంటూ వచ్చింది. చివరికి గీత ఆ నీలం గుంపు పక్కన నిలబడింది. ఆ లెక్క అచ్చయినప్పుడు ఆమె పేరు పది పేర్ల మధ్య వచ్చింది. ఇంటి మీదుగా విమానాలు పోతూనే ఉండేవి. తండ్రి ఇంకో పదకొండేళ్లు బతికాడు. ఆయన మంచం ఖాళీ అయిన నెలకే వైసిమా కాలు విరిగి అందులో పడుకుంది. చూసేదెవరని ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనే లేకపోయింది. చెంచా చేతులు మారింది, అంతే.

ఒంట్లో చక్కెర పెరిగి, మూత్రపిండాలు పాడై కలొలైన్ పోయింది. వైసిమా ఇంకా ఆ మంచంలోనే ఉంది. కలొలైన్‌కు అప్పుడు నలభై ఏడేళ్లు.