దురాయి పడిన బండి

మా పల్లెకు బ్యాటరీ ఆటోలు వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టింది నేనే. పొగ రాని బండ్లతో పట్టణ రవాణా అనే ఆ పథకంలో నాది ఫీల్డు కోఆర్డినేటరు ఉద్యోగం, అదీ కాంట్రాక్టు. నిధి ప్రభుత్వానిది, బండ్లు ఒక కంపెనీవి, కావలిలో ఛార్జింగుకు స్థలం మున్సిపాలిటీది, నడిపే ఆడవాళ్ళు మా పొదుపు సంఘం వాళ్ళు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. ఇక్కడ మజ్జిగ బాగానే వచ్చింది. ఎవరి చెంబులో పోయాలన్న దగ్గరే తగాదా మొదలైంది.

జువ్వలదిన్నె రేవు పక్కనుంచి కావలి మార్కెట్టుకు చేపల గంపతో పోవడం ఎలా ఉంటుందో మా అమ్మనడగాలి. బస్సులో వాసనంటారు. షేర్ ఆటో అతను గంపకు కూడా మనిషి చార్జీ తీసుకుని, పైగా మొహం చిట్లిస్తాడు. అందుకే మీటింగుల్లో నేను ఒకే మాట పట్టుకుని కూర్చున్నాను. కాలేజీ పిల్లలనూ రైలు దిగినవాళ్ళనూ తిప్పే బండ్లలో కొన్నయినా మా గంపలకు రావాలన్నాను. ఇది పట్టణ పథకమమ్మా, మీది పల్లె కదా అన్నారు. పట్నం తినే చేపలు పల్లె నుంచే కదా వస్తున్నాయి అన్నాను. నా నోటికి జడిసో, నిజంగా ఒప్పుకునో, వెనక గంపలకు చోటు చేయించి ఐదు బండ్లు ఇచ్చారు.

ఆ ఐదుగురిలో మా వదిన ఒకతె. వేరు కాపురం ఉంటున్న మా అన్న సముద్రం మీద వేటకు పోతాడు, వదిన చేపలమ్ముతుంది. అందరికంటే ముందు లైసెన్సు తెచ్చుకుంది. గంప నెత్తినున్నప్పుడు ఎవరు పిలిచినా తల తిప్పలేని మనిషి, బండి నడిపేటప్పుడు అటూ ఇటూ చూసి పలకరిస్తూ పోయేది. ఆమెను అలా చూస్తే నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

చిక్కు తెచ్చింది మా ఊరి న్యాయం. మా చేపల పల్లెల్లో ఊరి పెద్దలను కాపులంటాం, వాళ్ళందరికీ పెద్ద పెద్దకాపు. ఊరి పేరున ఏది వచ్చినా ఇంటింటికీ వంతు ఉండాలి. వల ఎక్కడ వేసేదీ వంతే, సాయం వస్తే పంచుకునేదీ వంతే. బండ్లు కూడా ఊరి పేరునే వచ్చాయి కాబట్టి వాటికీ వంతు పెట్టాలని కాపులు తేల్చారు. లైసెన్సు తెచ్చుకున్న ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు, వారానికొకరు నడపాలన్నారు.

కంపెనీ ఒప్పందంలో మాత్రం ఒక బండికి ఒకే మనిషి. బీమా ఆమె పేరునే ఉంటుంది. హ్యాండిల్ దగ్గరున్న కెమెరా ఆమె మొహం చూస్తేనే బండి కదులుతుంది. మావాళ్ళు దానికీ దారి కనిపెట్టారు. వదిన కూర్చుని కెమెరాకు మొహం చూపించి దిగుతుంది, వంతు వచ్చినావిడ ఎక్కి నడుపుతుంది. ఏదైనా జరిగితే బీమా రాదు, ఆపండి అని నేను మొత్తుకున్నాను. పెద్దకాపు నా మాటను దోమను తోలినట్టు తోలేశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నేను.

నిధి ఇచ్చే ఆఫీసు నుంచి ఒక మేడమ్ పరిశీలనకు వచ్చింది. ఆ ఒక్క పూట పేరున్నవాళ్ళే నడపండని ముందురోజు ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. అందరూ తలాడించారు. తీరా మేడమ్ వచ్చి బండి ముందు నిలబడితే, వదిన ఎక్కి కెమెరాకు మొహం చూపించి, దర్జాగా దిగి, పక్కింటావిడకు చోటిచ్చింది. ఇదేమిటని మేడమ్ అడిగింది.

"ఈ వారం ఆమె వంతు మేడమ్. ఊరి బండి గదా, నేనొక్కదాన్నే నడిపితే యట్ట?" అంది వదిన.

దాయడానికి అందులో తప్పుందని వాళ్ళెవరికీ తోచలేదు. మేడమ్ కోప్పడలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పేరున్న మనిషి తానే నడుపుతానని సంతకం పెడితే బండి ఉంటుంది, లేకపోతే వెనక్కి పోతుందని చెప్పి, సాయంత్రం దాకా గడువిచ్చింది. అదే సాయంత్రం కాపులూ కూర్చున్నారు. వంతు తప్పి ఎవరు సంతకం పెట్టినా దురాయి వేస్తామన్నారు. దురాయంటే ఊరి కట్టుబాటు. అది పడినవాళ్ళ ఇంటికి నిప్పూ నీళ్ళూ ఉండవు, మాటా ఉండదు, ఆ ఇంటి మగవాణ్ణి పడవ ఎక్కనివ్వరు.

నలుగురు తాళాలు తిరిగి ఇచ్చేశారు. వదిన సంతకం పెట్టింది.

నేను పెట్టమనలేదు, వద్దనీ అనలేదు. అన్న గడప మీద కూర్చుని కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. వదిన అతనితోనే చెప్పింది. "ఐదు బండ్లూ పోతే గంపలకు మళ్ళీ ఏ దిక్కూ ఉండదు. ఒక్కటన్నా ఉంటే రేపటికి వాళ్ళే ఎక్కుతారు. నన్ను తిడితే తిట్టనీ." అన్న తలెత్తి సరే అన్నాడు.

కానీ ఎవరూ ఎక్కలేదు. మరుసటి రోజు నుంచి అన్నను ఏ పడవా పిలవలేదు. వదిన కావలిలో కాలేజీ పిల్లలను తిప్పింది. పొద్దునపూట మాత్రం కచ్చితంగా రేవు దాకా ఖాళీ బండితో వచ్చేది, ఖాళీగానే పోయేది. మా ఆఫీసులో ఆ ఒక్క బండి ఫొటో పెట్టి పథకం నిలబడిందని రాశారు. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

ఒకరోజు రోడ్డు మలుపులో అమ్మతో పాటు నేనూ నిలబడ్డాను. ఆడవాళ్ళందరూ గంపలు దించుకుని షేర్ ఆటో కోసం చూస్తున్నారు. పెద్దకాపు భార్య కూడా ఉంది. అప్పటికే ఎండ ముదిరి చేపల మీద వేసిన ఐసు కరుగుతోంది. వదిన బండి వచ్చింది. అందరూ మొహాలు తిప్పుకున్నారు. మా అమ్మ కూడా తిప్పుకుంది. కోడలు కళ్ళెదురుగా పోతుంటే అమ్మ మొహం తిప్పుకోవడం నేను చూడలేకపోయాను. చెయ్యెత్తాను.

బండి ఆగింది. నేను ఎక్కబోతే వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఎక్కబాక. ఎక్కినావంటే నీ మీదా దురాయి పడతాది. ఊళ్ళో నా తరపున మాట్లాడేదానికి ఒక్క మనిషన్నా మిగలాల గదమ్మే."

ఆ మాట అని నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. నా చెయ్యి ఇంకా పైనే ఉంది. ఏడుపు వచ్చింది, దానికంటే ముందు సిగ్గు వచ్చింది. ఆఫీసుల్లో అంత మాట్లాడిన నేను సొంత ఊళ్ళో వదిన కోసం ఒక్కసారీ నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం కాపులు కూర్చున్న చోటికి వెళ్ళాను. అక్కడ ఆడవాళ్ళు దూరంగా నిలబడి వింటారు, మాట్లాడరు. నేను మగవాళ్ళను దాటుకుని ముందుకు పోయాను. ఏందమ్మే అన్నాడు పెద్దకాపు.

వంతు ఉన్నవాళ్ళందరి పేర్లూ ఒప్పందంలో రాయించే బాధ్యత నాది, కంపెనీతో కొట్లాడతాను, పోయిన నాలుగు బండ్లనూ సంఘం పేరున అడుగుతాను అన్నాను. అవుతుందో కాదో తెలియదని కూడా చెప్పాను. ముందు వదిన మీద దురాయి ఎత్తమన్నాను. అడిగి ఎత్తించుకునేది కాదది అన్నాడాయన. కట్టుబాటు తప్పితే ఊరుంటుందా అన్నాడు. అప్పుడు నాకు భయం పోయింది.

"దురాయి వేసింది మీరు మామా. గంప మోసేది మా అమ్మ. మీలో ఒక్కరన్నా కావలి దాకా గంప మోసినారా?"

దూరంగా ఆడవాళ్ళలో పెద్దకాపు భార్య కూడా నిలబడి వింటోంది. నన్ను ఇంటికి పొమ్మన్నారు. తీర్పు ఏమీ చెప్పలేదు. రేపు మా ఇంటికీ నీళ్ళు ఉండవేమోనని అమ్మ బిందెలన్నీ నింపి పెట్టింది.

పొద్దున మలుపు దగ్గర అందరూ నిలబడ్డాం. నాతో ఎవరూ మాట కలపలేదు. వదిన బండి వచ్చింది, ఎప్పటిలాగే కొంచెం నెమ్మదించి, ఎవరూ పిలవకపోయేసరికి ముందుకు కదిలింది. పెద్దకాపు భార్య అడ్డంగా వెళ్ళి నిలబడింది. తన గంప వెనక పెట్టి, ఎక్కి కూర్చుని, కొంచెం జరిగి మా అమ్మకు చోటు చూపించింది.